టేపు లైబ్రరీలో కార్ట్రిడ్జి చిక్కులు: కారణములు, పరిష్కారములు

తాళపత్ర గ్రంథము చెడుటకు పురుగొక్కటియే కారణము కాదు. దానిని తీసి, విప్పి, మరల కట్టి పెట్టు చేతి అజాగ్రత్తయు కారణమగును. నేడు కంప్యూటరులందలి సమాచారమును భద్రపరచు అయస్కాంతపు టేపులకును ఈ మాట వర్తించును.

2011వ సంవత్సరము ఫిబ్రవరి చివర, సాఫ్ట్‌వేరు దోషము వలన జీమెయిల్ వాడుకరులలో కొందరి ఉత్తరములు మాయమయ్యెను. డిస్కులపై నున్న పలు ప్రతులకు ఆ దోషము సోకినను, విడిగా నుంచిన టేపులకు సోకలేదు. వానినుండియే గూగుల్ సంస్థవారు ఉత్తరములను తిరిగి తెచ్చిరి. ఇట్టి ఆపదలో అక్కరకు రావలసిన టేపు ఆనాడు చదువబడనిచో, దాచిన శ్రమయంతయు వ్యర్థము.

విరివిగా వాడుకలో నున్నది ఎల్.టి.ఓ. టేపు. 2000లో వెలువడిన మొదటి తరము కార్ట్రిడ్జి 100 గిగాబైట్లు పట్టగా, 2021లో వచ్చిన తొమ్మిదవ తరము 18 టెరాబైట్లు పట్టును. అరంగుళము వెడల్పు గల టేపు పెట్టెలోని ఒకే చక్రమునకు చుట్టబడి యుండును. దాని కొసన లీడర్ పిన్ అను చిన్న లోహపు కడ్డీ కలదు. డ్రైవు దానిని పట్టుకొని టేపును లోనికి లాగుకొనును. లైబ్రరీ యందు కార్ట్రిడ్జిలను ఉంచు అరలు, చదివి వ్రాయు డ్రైవులు, వీని నడుమ కార్ట్రిడ్జిని మోయు యంత్రహస్తము ఉండును.

మొదటి చిక్కు గుర్తింపునకు సంబంధించినది. బార్‌కోడ్ చీటీపై సాధారణముగా ఎనిమిది అక్షరములుండును. ఆరు కార్ట్రిడ్జి పేరును, చివరి రెండు దాని తరమును తెలుపును. చీటీ వంకరగా అంటించినను, మాసినను యంత్రము దానిని గుర్తింపజాలదు. దానికై ఏర్పరచిన పల్లములోనే చీటీని అంటింపవలెను. పాత చీటీపై క్రొత్తది అంటించినచో, అంచు లేచి డ్రైవులో చిక్కుకొనును. తలుపు తెరచి కార్ట్రిడ్జిలను చేతితో మార్చినపుడు, లైబ్రరీచేత అరలన్నింటిని మరల లెక్కింపజేయవలెను.

రెండవది, కార్ట్రిడ్జి డ్రైవునుండి వెలికి రాకుండుట. టేపు మధ్యలో నున్నచో వెనుకకు చుట్టుటకు కొన్ని నిమిషములు పట్టును. అంతవరకు ఓర్పు వహింపవలెను. బ్యాకప్ సాఫ్ట్‌వేరు దానిని తన అధీనమున నుంచుకొనినచో, ముందు ఆ పనిని ముగింపవలెను. పిమ్మట వెలికి తీయు ఆజ్ఞ నొసగవలెను. బలవంతముగా లాగినచో టేపు తెగును.

మూడవది చదువుట, వ్రాయుటయందు కలుగు దోషము. ముందు తరముల పొత్తు చూడవలెను. తొమ్మిదవ తరపు డ్రైవు ఎనిమిది, తొమ్మిది తరములనే చదువును. శుభ్రపరచు కార్ట్రిడ్జిని డ్రైవు కోరినపుడే వాడవలెను. వేరు వాతావరణమునుండి తెచ్చిన కార్ట్రిడ్జిని ఒకనాడు ఆ గదిలోనే ఉంచి వాడుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది దోషస్థానమును నిర్ణయించుట. ఒకే కార్ట్రిడ్జి పలు డ్రైవులలో విఫలమైనచో దోషము కార్ట్రిడ్జిది. పలు కార్ట్రిడ్జిలు ఒకే డ్రైవులో విఫలమైనచో డ్రైవుది. ఒకే అరయొద్ద యంత్రహస్తము తడబడినచో ఆ అరది. అయితే ఈ పరీక్షయే ప్రమాదమునకు దారి తీయవచ్చును. క్రింద పడి పిన్ను తొలగిన కార్ట్రిడ్జిని డ్రైవు వెంట డ్రైవులో పెట్టినచో అన్నియు చెడవచ్చును. చెడిన డ్రైవులో మంచి కార్ట్రిడ్జిలను వరుసగా పెట్టినచో అవియు చెడవచ్చును. కావున ముందు పిన్నును, పెట్టె పగుళ్లను కంటితో పరీక్షింపవలెను. అనుమానము గల డ్రైవులో, పోయినను నష్టము లేని టేపునే పెట్టి చూడవలెను. విలువగల ఏకైక ప్రతిని ఎన్నడును పరీక్షకు పెట్టరాదు.

దీనికి ఒక చిన్న పుస్తకము చాలును. దోషము కలిగిన ప్రతిసారి తేది, కార్ట్రిడ్జి పేరు, డ్రైవు, అర సంఖ్య అందు వ్రాయవలెను. ఒక పేరే పలుమారులు కనిపించినచో దోషమెచ్చటనో అదియే చెప్పును. అప్పుడప్పుడు టేపునుండి కొంత సమాచారమును తిరిగి తెచ్చి చూచుటయు అవసరము. వ్రాసితిమన్న తృప్తి చాలదు. చదువగలిగినపుడే అది భద్రమైనట్లు.