ఎంటీబీకి డ్రాప్ హ్యాండిల్: బోల్ట్ బిగిస్తే సరిపోదు, వైర్ లెక్క కలవాలి

టైప్-సి కేబుల్ ఏ టైప్-సి ఫోన్‌కైనా దూరుతుంది. కానీ ఒక కంపెనీ ఛార్జర్‌కి ఇంకో కంపెనీ ఫోన్ పెడితే ఫాస్ట్ ఛార్జింగ్ రావచ్చు, రాకపోవచ్చు. పిన్ను ఒకటే, లోపల ప్రోటోకాల్ వేరు. ఇది మన సైట్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. నాకూ తెలుసు. తెలిసీ సైకిల్ దగ్గర అదే తప్పు చేశాను.

మాది ఉదయగిరి. దుర్గం కింద రాళ్ల దారుల్లో తిరగడానికి నా 26 ఇంచుల ఎంటీబీకి వంక పెట్టేది లేదు. ఆదివారం ఆత్మకూరు దాకా తారు రోడ్డు మీద పోతేనే అసలు బాధ. స్ట్రెయిట్ హ్యాండిల్ పట్టుకుంటే ఛాతీ మొత్తం గాలికి అడ్డం. గంట దాటితే అరచేతులు తిమ్మిరి. డ్రాప్ బార్ అయితే పైన, హుడ్స్ మీద, కింద వంపులో అని మూడు చోట్ల చేతులు మార్చుకోవచ్చు. ఇదేం పిచ్చి ఐడియా కాదు. అమెరికన్ రేసర్ జాన్ టోమాక్ 1990లోనే డ్రాప్ బార్ పెట్టిన ఎంటీబీతో రేసులు ఆడాడు.

మొదటి షాక్ హ్యాండిల్ మందం దగ్గరే తగిలింది. ఎంటీబీ లివర్లు పట్టే చోట బార్ 22.2 మిల్లీమీటర్లు, డ్రాప్ బార్ 23.8. పాత లివర్లు ఎక్కవు. అంటే బ్రేకూ గేరూ కలిసి ఉండే రోడ్ బైక్ లివర్లు కొనాలి. ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ 10-స్పీడ్ రోడ్ లివర్లు దొరికాయి. వాటికి జతగా 10-స్పీడ్ ఎంటీబీ డిరైలర్, క్యాసెట్ తీసుకున్నా. రెండు వైపులా పదే కదా, ఇంకేం కావాలి అనుకున్నా.

ఆత్మకూరులో సైకిల్ షాపన్న దగ్గర బిగించాం. "ఏందబ్బయా, సైకిలుకి పొట్టేలు కొమ్ములు పెడతాండావా?" అని నవ్వాడు కానీ సాయంత్రం దాకా ఓపిగ్గా కూర్చున్నాడు. ఒక గేరు పడితే పక్కది పడదు. స్క్రూ ఎంత తిప్పినా అంతే. చివరికి, "వైరు తప్పు కాదు, లివరు తప్పు కాదు. ఈ రెంటికీ పొత్తు లేదు" అన్నాడు. కొలత లేకుండా చేత్తో పట్టుకుని చెప్పిన ఆ మాటే నిజం.

లెక్క చూద్దాం. లివర్ ఒక్కసారి నొక్కితే కొంత వైర్ లాగుతుంది. డిరైలర్ ఆ లాగుడుని తన నిష్పత్తితో గుణించి చైన్‌ని పక్కకి జరుపుతుంది. షిమానో 10-స్పీడ్ రోడ్ లివర్ (2015లో వచ్చిన టియాగ్రా 4700 కాకుండా) ఒక క్లిక్‌కి దాదాపు 2.3 మిల్లీమీటర్లు లాగుతుంది. 10-స్పీడ్ ఎంటీబీ డిరైలర్ నిష్పత్తి దాదాపు 1.2. గుణిస్తే 2.8 మిల్లీమీటర్లు కూడా రాదు. పళ్ల చక్రాల మధ్య దూరమేమో 3.9కి పైనే. ఇక గేరెట్లా పడుతుంది?

మరి ఏవి కలుస్తాయి? షిమానోలో 8, 9 స్పీడ్ వరకు రోడ్ డిరైలర్‌కీ ఎంటీబీ డిరైలర్‌కీ నిష్పత్తి ఒకటే, దాదాపు 1.7. 8-స్పీడ్ లివర్ 2.8 లాగితే చైన్ 4.8 మిల్లీమీటర్లు జరుగుతుంది. 8-స్పీడ్ క్యాసెట్‌లో గ్యాప్ సరిగ్గా అంతే. నా సైకిల్‌కి మొదటి నుంచీ ఉన్నది 8-స్పీడ్ ఆల్టస్! దాన్ని పీకి పక్కన పడేసి కొత్తది కొన్న తెలివి నాది. మళ్లీ ఆల్టస్ పెట్టి, 8-స్పీడ్ క్లారిస్ లివర్లు తెచ్చా. పది నిమిషాల్లో గేర్లన్నీ టకటకా పడ్డాయి. 9-స్పీడ్ వాళ్లకి ఇదే పని సోరా లివర్లు చేస్తాయి.

ముందు గేర్లకి మాత్రం ఈ అదృష్టం లేదు. ఎంటీబీ ఫ్రంట్ డిరైలర్‌కీ రోడ్ లివర్‌కీ లాగుడు కలవదు. నేను దాన్ని తీసేసి 36 పళ్ల సింగిల్ చైన్‌రింగ్ పెట్టుకున్నా. వెనక 11-34. నిమిషానికి 80 చుట్లు తొక్కితే 32 కిలోమీటర్ల స్పీడ్ వస్తుంది. నాకు చాలు.

ఇక అసలు భయపెట్టింది బ్రేకులు. గేరు పడకపోతే విసుగే, బ్రేకు పడకపోతే పళ్లు రాలతాయి. నా పాత మెకానికల్ డిస్క్ క్యాలిపర్లు ఎంటీబీ లివర్ లాగుడుకి తయారైనవి. రోడ్ లివర్ అంత వైర్ లాగదు. ఖాళీ రోడ్డు మీద బాగానే ఆగింది కదా అని బయల్దేరా. ఆత్మకూరు బయట చిన్న దిగుడులో బర్రెలు అడ్డం వచ్చాయి. లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కినా సైకిల్ జారుతూనే ఉంది. కాళ్లు నేలకి రాసి, చెప్పు తెగి, ఆఖరి బర్రె తోక పక్కన ఆగా. ఆ రోజు సైకిల్ నడిపించుకుంటూనే షాపుకి పోయా.

అందుకే క్యాలిపర్ కొనేటప్పుడు రోడ్ వెర్షన్ అని ఉందా చూడండి. అవిడ్ బీబీ7లో రోడ్, మౌంటెన్ అని రెండు రకాలు వచ్చాయి. ఫొటోలో కవలల్లా ఉంటాయి. టీఆర్‌పీ స్పైర్ రోడ్ లివర్ల కోసమే చేసింది. వీ-బ్రేకులు ఉన్నవాళ్లకి మినీ-వీ ఉన్నాయి. హైడ్రాలిక్ డిస్క్ ఉన్న సైకిలైతే ఆ క్యాలిపర్లు ఈ వైర్ లివర్లతో పనిచేయవు, ఖర్చు ఇంకా పెరుగుతుంది.

ఇంకొకటి, ఎంటీబీ ఫ్రేమ్ పొడుగు. డ్రాప్ బార్ ఇంకో 70, 80 మిల్లీమీటర్లు ముందుకి లాగుతుంది. నేను 90 స్టెమ్ తీసి 50ది పెట్టాకే నడుము నొప్పి తగ్గింది. స్టెమ్ కొనేముందు మీ బార్ మధ్యలో మందం 31.8నా, 25.4నా కొలుచుకోండి.

వర్త్ ఆ కాదా అంటారా? కేవలం స్పీడే కావాలంటే ముందు గుండీల టైర్లు తీసి సన్న స్లిక్ టైర్లు వేయండి. తక్కువ డబ్బుతో ఎక్కువ తేడా అక్కడే తెలుస్తుంది. నాకు డ్రాప్ బార్ ఇచ్చింది ఎదురుగాలిలో తలొంచుకునే చోటు, తిమ్మిరెక్కని చేతులు. మొన్న ఆదివారం ఆత్మకూరు పోయి ఎండెక్కేలోపే ఇంటికొచ్చేశా.

షాపన్న ఇప్పుడు నా సైకిల్‌ని కొమ్ముల సైకిల్ అనే పిలుస్తున్నాడు. ఆ 10-స్పీడ్ లివర్లు మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.