జూదశాలల పనివేళలు: స్థానిక పాలకుల చేతిలో ఎంత?

బ్రిటన్‌లో జూదం నేరం కాదు. లైసెన్సు పొంది, నిబంధనలకు లోబడి నడిపే వ్యాపారం. 2007 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా అమలులో ఉన్న 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం ఈ వ్యాపారంపై అజమాయిషీని రెండంచెలుగా పంచింది. జూదం నడిపే సంస్థకు అర్హత ఉందో లేదో తేల్చేది జాతీయస్థాయి గ్యాంబ్లింగ్ కమిషన్ కాగా, ఫలానా వీధిలోని ఫలానా భవనంలో ఆడించడానికి లైసెన్సు ఇచ్చేది, ఇంగ్లండ్, వేల్స్‌లలో, ప్రజలు ఎన్నుకున్న స్థానిక కౌన్సిల్. ఆ భవనం ఏ వేళకు తెరవాలి, ఏ వేళకు మూయాలి అన్న ప్రశ్న ఈ రెండో అంచెలోనే తలెత్తుతుంది.

2007లో చేసిన నియమాలు లైసెన్సు షరతులను రెండు రకాలుగా విడదీశాయి. కౌన్సిల్ సైతం తొలగించలేనివి తప్పనిసరి షరతులు. వాటంతట అవే వర్తించినా, కౌన్సిల్ తలచుకుంటే మార్చగలిగేవి డిఫాల్ట్ షరతులు. పనివేళలు ఈ రెండో కోవకు చెందుతాయి. వాటి ప్రకారం గుర్రప్పందేల వంటివి కట్టించుకునే బెట్టింగ్ షాపులు రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు, కాసినోలు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు జూదం ఆడించకూడదు. బింగో హాళ్లలో అర్ధరాత్రి నుంచి ఉదయం 9 వరకు బింగో ఆట ఆగాలి గానీ, అదే హాల్లోని జూద యంత్రాలకు ఆ నిబంధన లేదు. 18 ఏళ్లు నిండినవారికే ప్రవేశమున్న, యంత్రాలే ఆధారంగా నడిచే అడల్ట్ గేమింగ్ సెంటర్లకైతే డిఫాల్ట్ వేళలే లేవు కనుక, కౌన్సిల్ ప్రత్యేకంగా షరతు పెట్టనిదే అవి 24 గంటలూ తెరిచి ఉండవచ్చు.

షరతు పెట్టే అధికారం కాగితం మీద ఉన్నా, చట్టంలోని 153వ సెక్షన్ దానికి పగ్గం వేసింది. నేరాలను అరికట్టడం, జూదం నిజాయతీగా సాగేలా చూడడం, పిల్లలనూ బలహీన స్థితిలో ఉన్నవారినీ కాపాడడం అనే మూడు లక్ష్యాలకు, కమిషన్ మార్గదర్శకాలకు, సొంత విధాన ప్రకటనకు విరుద్ధం కానంతవరకు కౌన్సిల్ అనుమతించే దిశగానే సాగాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ ప్రాంతంలో మరో జూదశాల అవసరమా అన్న ప్రశ్నను లెక్కలోకి తీసుకోకూడదు. జూదం పాపమన్న అభ్యంతరమూ చెల్లదు.

అందువల్ల వాదమంతా సాక్ష్యాల మీదికి మళ్లుతుంది. ఉన్న వేళలను పొడిగించమని దుకాణం దరఖాస్తు చేసినప్పుడు తలుపు మీద 28 రోజులు నోటీసు అంటించాలి. ఆ గడువులోగా పోలీసులు, పిల్లల రక్షణ బాధ్యులు, సమీప నివాసులు అభ్యంతరాలు తెలపవచ్చు. కౌన్సిలర్ల ఉపసంఘం విచారణ జరిపేటప్పుడు వీధివాసుల ఆవేదన కంటే, ఏ రాత్రి ఏ గంటకు ఏ గొడవపై పోలీసులు వచ్చారన్న నమోదుకే ఎక్కువ బరువుంటుంది. నిర్ణయం నచ్చని సంస్థ 21 రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు కనుక, అప్పీళ్ల ఖర్చు భరించలేని చిన్న కౌన్సిళ్లకు గట్టి షరతు పెట్టడమే సాహసమవుతుంది.

ఫోన్‌లో రాత్రింబవళ్లు పందేలు కాసే కాలంలో దుకాణం తలుపు మూసి ప్రయోజనమేమిటని వ్యాపారులు అడగవచ్చు. ఒక దారి తెరిచి ఉన్నదని రెండోదాన్నీ తెరిచి ఉంచాలనడం న్యాయం కాదు. పైగా పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న తపనతో రాత్రి రెండింటికి యంత్రం ముందు కూర్చున్నవాడి నిగ్రహం మీద గానీ, ఒంటరిగా డ్యూటీ చేస్తున్న ఉద్యోగి గమనింపు మీద గానీ ఆధారపడకుండా ఆటను ఆపించే నిబంధన మూసివేత వేళ ఒక్కటే.

భారత రాజ్యాంగం జూదాన్ని రాష్ట్ర జాబితాలో 34వ అంశంగా ఉంచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అమలయ్యే 1974 నాటి చట్టం జూదగృహం నడపడాన్నే నేరంగా పరిగణిస్తుంది కనుక అక్కడ వేళల ప్రశ్నే పుట్టదు. అనుమతించిన చోట మాత్రం వేళలే అదుపుకు తొలి మెట్టు. 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం, ఒకే ప్రాంతంలో జూదశాలలు పోగుపడితే కలిగే ఉమ్మడి ప్రభావాన్ని అంచనా వేసే అధికారం కౌన్సిళ్లకు ఇవ్వాలని ప్రతిపాదించింది. దానితోపాటు యంత్రాల దుకాణాలకూ డిఫాల్ట్ వేళలు నిర్ణయించి, రాత్రంతా తెరిస్తే హాని లేదని నిరూపించే భారాన్ని దరఖాస్తుదారు మీదే పెట్టడం సమంజసం. లాభం అతనిది కనుక రుజువు చూపవలసిన బాధ్యతా అతనిదే కావాలి.