మీకు తెలుసా? పొయ్యి మంటలో పొదుపు

గిన్నెలోని నీరు ఒకసారి తెర్లుట ఆరంభించిన పిదప, మంటను ఎంత హెచ్చించినను ఆ నీటి ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌ను మించదనియు, అధికముగా మండించిన గ్యాసు అన్నమును త్వరగా ఉడికింపక నీటిని ఆవిరిగా మార్చుటకే వ్యయమగుననియు మీరెఱుగుదురా?

లీటరు నీటిని 30 డిగ్రీల నుండి మరిగించుటకు పట్టు వేడికంటె, మరిగిన ఆ నీటినంతటిని ఆవిరి చేయుటకు ఏడు రెట్లకు పైగా వేడి కావలెను. కనుక పొంగు రాగానే మంట తగ్గించి, మూత వేయుట శ్రేయస్కరము. కందిపప్పును ముందుగా నానవేసి, ఆవిరి ఒత్తిడిచే సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కు ప్రెషర్ కుక్కరులో ఉడికించినచో మఱింత పొదుపు.

అట్లే, పొయ్యివలెనే బండి ఇంధనమునందును పొదుపు సాధ్యము: చల్లబడిన ఇంజను తొలి కిలోమీటర్లలో అధికేంధనమును హరించును గాన, కూరగాయలకు, మందులకు, బ్యాంకు పనికి వేర్వేరుగా బండి తీయక, ఒక్క ప్రయాణముననే అన్నియు చక్కబెట్టుకొనుట వివేకము.