ఒక మాటకు పలు దారులు

వారపత్రిక చేతికి రాగానే కథలకంటె ముందు నలుపు తెలుపు గళ్ళ పుట వెదకి, పెన్సిలు పుచ్చుకొని కూర్చునేవారు మన ఇళ్ళలో తక్కువమంది కారు. ఇంగ్లీషువారు క్రాస్‌వర్డ్ అని పిలిచే ఈ వినోదానికి మనవారు గళ్ళనుడికట్టు, పదబంధ ప్రహేళిక, గడినుడి అని పలు పేర్లు పెట్టుకొన్నారు. ఆరుద్ర, శ్రీశ్రీ వంటి కవులు సైతం గడులు కూర్చినవారే. గళ్ళు కంటికి సంబంధించినవి. కాని ఆ గళ్ళను నింపే ఆధారం చెవికి, నుడికి సంబంధించినది. కనుక రేడియో ప్రసంగానికి ఇది తగని విషయం కాదు. ఒక్క మాటను ఎన్ని దారులలో చూపవచ్చును, ఎన్ని దారులు పట్టినా చేరే మాట ఒక్కటే ఎందుకు కావలెను అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ఆట చరిత్ర దీర్ఘమైనది కాదు. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటి గడిని ప్రకటించాడు. తొలినాళ్ళ ఆధారాలు చాలవరకు అర్థమో, పర్యాయపదమో సూటిగా చెప్పేవి. పిమ్మట ఇంగ్లండులో ఆధారానికి చమత్కారం అబ్బింది. ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ అనే రచయిత టార్కెమడా అనే మారుపేరుతో 1926 నుండి అబ్జర్వర్ పత్రికలో గూఢమైన ఆధారాలతోనే గడులు కూర్చాడు.

గూఢంగా చెప్పుట మనకు కొత్త విద్య కాదు. దండి తన కావ్యాదర్శంలో పదహారు విధాల ప్రహేళికలను లెక్కించాడు. పొడుపు కథ విప్పని పల్లె లేదు. అవధానంలోని న్యస్తాక్షరిలో, పద్యంలోని ఫలానా చోట ఫలానా అక్షరం ఉండి తీరాలని పృచ్ఛకుడు నియమం పెడతాడు. గడిలో అడ్డం మాట నిలువు మాటను ఖండించే చోట పడే నియమమూ అటువంటిదే.

అయితే మన గడికీ వారి గడికీ ఒక భేదం ఉన్నది. ఇంగ్లీషు గడిలో ఒక లిపి మాత్రమే నిలుస్తుంది. మన గడిలో గుణింతంతో, ఒత్తుతో కూడిన పూర్తి అక్షరం నిలుస్తుంది. స్త్రీ అన్న మాటకు ఒక్క గది చాలును. మైలవరం అనే ఊరి పేరు ఇంగ్లీషులో తొమ్మిది గదులు ఆక్రమిస్తే తెలుగులో నాలుగే: మై, ల, వ, రం. అందుచేత మన గడిలో ఖండన వద్ద దొరికే ఒక్క అక్షరం ఎక్కువ సంగతి చెబుతుంది.

ఇక దారుల సంగతి. మొదటిది శ్లేష. “వక్క ముక్క, నోటి మాట (3)” అంటే జవాబు పలుకు. “ఇంటికి కాపలా, పాటకు కొలత (2)” అంటే తాళం. ఒక మాటకు గల రెండు అర్థాలను పక్కపక్కన నిలిపితే చాలును.

రెండవది తిరగవేత. “తీగ తిరగబడి శిరస్సైనది (2)” అంటే లతను తిరగవేసిన తల. మరా మరా అన్న బోయవాని నోట రామనామం పలికిన కథ ఎరిగినవారికి ఈ మర్మం చెప్పనక్కరలేదు. మూడవది తారుమారు. “నవల చెదరిన కారణంగా (3)” అని చదివితే ఏదో పుస్తకం పుటలు ఊడినవని తోస్తుంది. నిజానికి న, వ, ల అనే మూడక్షరాలు చెదరి వలన అయినవి. వలన అంటే కారణంగా.

నాలుగవది దాపరికం: “ఆవిరిలో పువ్వు (2)” అంటే విరి. అయిదవది శిరచ్ఛేదం: “తల తెగిన మొసలి చేయి (2)” అంటే మకరంలో మొదటి అక్షరం పోగా మిగిలిన కరం. గజేంద్రమోక్షం మనసులో మెదిలి పాఠకుడు చక్రం వెంట పరుగెత్తుతాడు. జవాబు మాత్రం అక్షరాలలోనే ఉన్నది.

ఆరవది విరుపు. దీనికి మైలవరాన్నే తీసుకొందాము. “అశౌచంలో దేవుడిచ్చినది, బుడమేరు పుట్టే కొండల చెంత ఊరు (4).” అశౌచమంటే మైల, దేవుడిచ్చినది వరం. ఇది ఊరి పేరుకు వ్యుత్పత్తి కాదు, ఆటకోసం చేసిన విరుపు మాత్రమే. ఆధారంలోని రెండవ సగం భూగోళం చెబుతున్నది. కొల్లేటికి పోయే బుడమేరు మైలవరం పరిసరాల కొండలలోనే పుడుతుంది.

ఈ ఆధారం నిర్మాణాన్ని కొంచెం నిదానించి చూడవలెను. ఒక సగం అర్థాన్ని చెబుతుంది, రెండవ సగం అక్షరాలను కూర్చుతుంది. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు వేర్వేరు దారుల వచ్చి ఒకే మాట చెప్పినట్లు, రెండు సగాలూ ఒకే జవాబును చేరుతాయి. అందువల్లనే పాఠకుడు పై వారం సంచిక రాకముందే తన జవాబు సరియైనదని నిశ్చయంగా చెప్పగలడు. దారులు అనేకం కావడం తికమక పెట్టడానికి మాత్రమే కాదు, రూఢి పరచడానికి కూడ.

ఒక్క దారి మాత్రమే ఉంటే ఏమవుతుంది? “వరంతో ముగిసే ఆంధ్రదేశపు ఊరు (4)” అన్నామనుకొనండి. మైలవరం సరిపోతుంది. విమానాశ్రయం గల గన్నవరమూ సరిపోతుంది. భీమవరం, అన్నవరం, పోలవరం, అన్నీ నాలుగక్షరాలవే. ఖండనలో రెండవ అక్షరం ల అని తెలిసినా మైలవరం, పోలవరం రెండూ మిగులుతాయి. “ఈ ఊరి చేరువలో కొండలున్నవి” అని జోడించినా లాభం లేదు. మైలవరానికి కొండపల్లి కొండలు, పోలవరానికి పాపికొండలు ఉండనే ఉన్నవి. విచిత్రమేమంటే, కడప జిల్లాలో పెన్నానదిపై జలాశయం గల మరొక మైలవరం ఉన్నది. దానివల్ల గడికి చిక్కు లేదు. ఊళ్ళు రెండైనా మాట ఒక్కటే.

మాటల కూర్పులోనూ ఇట్టి లోపం రావచ్చును. “శిరస్సు తిరగబడ్డ తీగ (2)” అంటే జవాబు తలయా, లతయా? తిరగబడినది తీగ అనుకొంటే తల, శిరస్సు అనుకొంటే లత. రెండర్థాలు ఏకకాలంలో నడవడం కావ్యంలో ఘనత. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథనూ భారతకథనూ చెబుతుంది. అక్కడ రెండు ఊళ్ళూ చేరదగినవే. గడిలో చేరవలసిన ఊరు ఒక్కటే.

దీనిని కేవలం రసజ్ఞుల పట్టింపు అనుకోరాదు. ఒకప్పుడు మన దేశంలో ఇందులో ధనం చిక్కుకొన్నది. 1950 ప్రాంతాల పెద్ద బహుమతుల పోటీలలో ఆధారాలు తరచు ఇట్టి రెండు దారులవే. పోలవరమో మైలవరమో తేల్చే నియమం ఆధారంలో ఉండదు. నిర్వాహకుని లకోటాలో ఏది ఉంటే అదే జవాబు. ఇట్టి జంటలు పది ఉంటే అన్ని విధాల నింపడానికి 1,024 పూరణలు కావలెను. పూరణకు నాలుగణాల రుసుము అనుకొంటే 256 రూపాయలు. ఆనాడు అనేక కుటుంబాలకు అది ఒక నెల ఆదాయాన్ని మించిన సొమ్ము. పదజ్ఞానం గలవాడూ, కన్నుమూసి గుర్తు పెట్టినవాడూ అక్కడ సమానులే.

పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం చేసింది. నెలకు వేయి రూపాయలకు మించిన బహుమతుల పోటీలను నిషేధించి, తక్కిన వాటికి లైసెన్సు కావలెనన్నది. ఒక పోటీకి రెండువేల పూరణలకంటె అంగీకరించరాదన్నది. బెంగుళూరు నుండి పోటీలు నడిపిన ఒక నిర్వాహకుడు ఈ చట్టాన్ని ప్రశ్నించగా, 1957లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గెలుపు గణనీయంగా నేర్పుపై ఆధారపడే పోటీలకు ఈ చట్టం వర్తించదనీ, అదృష్టంపై నడిచేవి జూదమనీ, జూదానికి రాజ్యాంగం వ్యాపారస్వేచ్ఛ ఇవ్వదనీ ఆ తీర్పు సారాంశం. మంచి ఆధారానికీ చెడ్డ ఆధారానికీ గల భేదమే న్యాయస్థానంలో నేర్పుకూ జూదానికీ గల భేదంగా నిలిచింది.

పాఠకులకు పరీక్ష సులభమైనది. సమాధానం చూచిన పిమ్మట “అవును, ఇదే కావలెను, నాకు తోచలేదు” అనిపిస్తే ఆధారం గెలిచింది, మీరూ ఓడలేదు. “ఇదీ కావచ్చును, నాదీ కావచ్చును” అనిపిస్తే లోపం కూర్చినవారిది. పాఠకుని ఎంత దూరమైనా తిప్పవచ్చును గాని, చివరకు ఊరు చేర్చవలెను. అభ్యాసార్థం ఒక ఆధారం ఇదిగో: “జ్యేష్ఠసోదరుని అనుగ్రహం, సత్యదేవుని కొండ (4).” జవాబు ఏదో చెప్పనక్కరలేదు. సాక్షులిద్దరినీ వేర్వేరుగా విచారించి చూడండి.