నల్లకోటు వేశాకే... అసలు చదువు!

ఐదేళ్లో మూడేళ్లో లా చదివితే పట్టా వస్తుంది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైతే నల్లకోటూ వస్తుంది. మరి కేసు నడిపే విద్య? దాన్ని ఆ తర్వాతే నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే నష్టపోయేది మాత్రం లాయరు కాదు... గుమ్మం తొక్కిన కక్షిదారు!

వేరుసెనగ అమ్మిన రైతుకు వ్యాపారి చెక్కు ఇచ్చాడనుకుందాం. అది బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లోగా వ్యాపారికి లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే, మరో నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ లెక్క తప్పిందా, కేసు నిలబడటమే కష్టం. రైతుకు ఇవన్నీ తెలియాల్సిన పనిలేదు. ఆయన నమ్ముకున్న లాయరుకు మాత్రం తెలిసి తీరాలి.

శ్రీ సత్యసాయి జిల్లాలో, పుట్టపర్తికి పక్కనే ఉన్న కొత్తచెరువు లాంటి ఊళ్లలో ఆ నమ్మకం విలువ ఎక్కువ. వానను నమ్ముకుని సేద్యం చేసే కరవు నేల ఇది. ఇక్కడి కుటుంబానికి ఉన్న ఆస్తల్లా నాలుగెకరాల చేను. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల భాగాలైనా, పాసు పుస్తకంలో తప్పు పడినా... అంతా ఆ చేను చుట్టూనే. పెద్ద నగరాల్లో ఒక్కో రకం కేసుకు ఒక్కో నిపుణుడు దొరుకుతాడు. పెనుకొండ, ధర్మవరం లాంటి కోర్టు ఊళ్లలో సాధారణంగా ఒకే లాయరు సివిలూ చూడాలి, క్రిమినలూ చూడాలి.

చట్టం మారితే...

ఒకసారి చదువుకున్నది జీవితాంతం పనికొచ్చే రోజులు కావివి. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు 302, మోసానికి 420 అని సామాన్యులకు కూడా నోటికొచ్చిన అంకెలు 103, 318గా మారిపోయాయి. పాతవి మర్చిపోదామా అంటే అదీ కుదరదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. అంటే లాయరు రెండు పుస్తకాలూ చదవాలి!

ఫోన్లో రికార్డయిన మాటల్ని, వాట్సప్ సందేశాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. ఇక భూమి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. ఏడాది తిరిగేలోపే 2024లో దాన్ని రద్దుచేస్తూ శాసనసభ బిల్లు ఆమోదించింది. రైతు అడిగితే ఏ రోజు ఏ చట్టం ఉందో లాయరే చెప్పాలి కదా!

గేటు దగ్గరే పరీక్ష

న్యాయవాద వృత్తిలోకి వచ్చేముందు ఏడాది పాటు సీనియర్ దగ్గర శిక్షణ తప్పనిసరి అంటూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో నిబంధనలు తెచ్చింది. చట్టం ఆ అధికారం ఇవ్వలేదంటూ సుప్రీంకోర్టు 1999లో వాటిని కొట్టేసింది. ఆ తర్వాత వచ్చిందే అఖిల భారత బార్ పరీక్ష. తొలిసారి 2011 మార్చిలో జరిగింది. తెలుగులోనూ రాయొచ్చు. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అది గట్టెక్కితే మళ్లీ చదివావా అని అడిగేవారు లేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లాయర్లు మూడేళ్లకోసారి 25 గంటల శిక్షణ పూర్తిచేసినట్టు చూపించాలి. మన దగ్గర అలాంటి నిర్బంధం లేదు. నేర్చుకోవడం లాయరు మనస్సాక్షికే వదిలేశారు.

ఆ మూడేళ్లూ ఎలా?

నేర్చుకోవాలనే ఉంటుంది జూనియర్లకు. కానీ కడుపు నిండాలి కదా. సీనియర్ దగ్గర కట్టలు మోస్తూ, వాయిదాలు అడుగుతూ గడిపే తొలి రోజుల్లో చేతికొచ్చేది బస్సు ఛార్జీలకే చాలకపోవచ్చు. సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అయితే అది సిఫార్సు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ‘వైఎస్సార్ లా నేస్తం’ కింద తొలి మూడేళ్లకు నెలకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ లా పట్టభద్రులను ప్రభుత్వ న్యాయవాదుల దగ్గర శిక్షణకు పెట్టి, భృతి ఇచ్చే పథకాన్ని సంక్షేమ శాఖలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే నడిపాయి.

ఒక ఊరట కూడా ఉంది. బార్ కౌన్సిళ్లు నమోదు రుసుముగా జనరల్ అభ్యర్థుల నుంచి 750, ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న స్పష్టం చేసింది.

దారులున్నాయి!

మధ్యవర్తిగా పనిచేయాలనుకునే లాయర్లకు సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వ కమిటీ పద్ధతిలో 40 గంటల శిక్షణ ఉంటుంది. 2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చాక దీనికి విలువ పెరిగింది. ఏళ్ల తరబడి సాగే అన్నదమ్ముల దావాను కూర్చోబెట్టి పరిష్కరించడమూ ఒక విద్యే మరి.

క్రిమినల్ వైపు ఆసక్తి ఉంటే జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో తెచ్చిన న్యాయ సహాయ రక్షణ వ్యవస్థ ఉంది. ఫీజు ఇచ్చుకోలేని నిందితుల తరఫున పూర్తికాలం వాదించే ఈ బృందంలో మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారికీ సహాయక స్థానాలుంటాయి. పెద్దల పక్కన నిలబడి క్రాస్ ఎగ్జామినేషన్ చూసి నేర్చుకునే అవకాశమది.

హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం సైబర్ చట్టాలు, పేటెంట్ల వంటి అంశాల్లో దూరవిద్య డిప్లొమాలు నడుపుతోంది. సుప్రీంకోర్టు తీర్పులు 2023 జనవరి నుంచి ‘ఈ-ఎస్‌సీఆర్’లో ఉచితంగా దొరుకుతున్నాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ‘ఇండియా కోడ్’ వెబ్‌సైట్లో చట్టాల పూర్తి పాఠం చూడొచ్చు. ఒకప్పుడు సీనియర్ బీరువాలో మాత్రమే కనిపించిన పుస్తకాలు ఇప్పుడు కొత్తచెరువులో కూర్చుని సెల్‌ఫోన్లో చదువుకోవచ్చు.

జడ్జి కావాలనుకునే వారికీ ఇది తప్పదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. నేరుగా పుస్తకం నుంచి బెంచి మీదకు వెళ్లే దారి వద్దన్నది దాని సారాంశం.

అందుకే, పిల్లల్ని లా చదివించే తల్లిదండ్రులు ఒక లెక్క ముందే వేసుకోవాలి. పట్టా చేతికొచ్చిన రోజుతో చదువు ఖర్చు అయిపోదు. ఆ తర్వాతి మూడేళ్లు కూడా చదువులోకే వస్తాయి. ఆ కాస్త ఓపిక ఇంటి నుంచి దొరికితే, రేపు ఏ రైతు చేనుకో అదే కంచె అవుతుంది!