ఇంటిగుట్టు... సముద్రం అవతలి నుంచి!

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నారు మన పెద్దలు. మరి ఆ ఇంటిగుట్టును ఎవరో సముద్రం అవతల కూర్చుని, ఇంగ్లీషులో రాసి, అచ్చువేసి అమ్మితే? ఊరుకుంటామా! "హాయిగా అక్కడ బతుకుతూ మనల్ని నలుగురిలో అల్లరి పెడుతోంది చూశారా" అని నాలుగు మాటలు అనకుండా ఉండం. దేశం విడిచి వెళ్లి, విడిచి వచ్చిన తమవాళ్ల గురించే నవలలు రాసే రచయితలకు ఈ నింద తప్పడం లేదు.

ఈ నిందలో నాకు కొంత న్యాయం, చాలా అన్యాయం కనిపిస్తాయి. ఊరికే అనేస్తే సరిపోదు కనుక ఒక్క సమాజాన్ని తీసుకుని చెబుతాను. అది పార్శీ సమాజం. అంత చిన్న సమాజం నుంచి పరాయి దేశాలకు వెళ్లి అంత మంచి నవలలు రాసినవాళ్లు ఇంతమంది ఉండడం విశేషమే. ఇంకో కారణం కూడా ఉంది. ఆ నవలలు తలుపు తీసి చూపించేది వంటిల్లు, రోగి మంచం, పనిమనిషి కూర్చునే మూల. అంటే ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే లోకం!

గుప్పెడు మంది

వెయ్యేళ్లకు పూర్వమే ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి చేరిన జొరాస్ట్రియన్ల సంతతి పార్శీలు. 2001 జనాభా లెక్కల్లో మన దేశంలో వాళ్లు 69,601 మంది. 2011 నాటికి 57,264. మన హైదరాబాద్‌కూ వాళ్లు కొత్త కాదు. నిజాముల కాలం నుంచీ ఉన్నారు. అబిడ్స్‌లోనూ, సికింద్రాబాద్‌లోనూ వాళ్ల అగ్ని దేవాలయాలున్నాయి. అయినా మనలో ఎంతమందిమి ఒక పార్శీ ఇంట్లో భోంచేసి ఉంటాం చెప్పండి? మనకు తెలిసిందల్లా టాటాలు, గోద్రెజ్‌లు. లేదంటే పాత హిందీ సినిమాల్లో నవ్వించడానికి వచ్చే చాదస్తపు ముసలాయన.

ఇలాంటి సమాజం మీద నవల వస్తే బయటివాళ్లకు అదే సాక్ష్యం అయి కూర్చుంటుంది. వేల నవలలున్న భాషలో ఒక నవల ఒక ఇంటి కథ. నవలలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నచోట అదే అందరింటి కథ! తమవాళ్లకు కోపం వచ్చేది అక్కడే.

బాప్సీ సిధ్వాకు అది మొదట్లోనే అనుభవమైంది. ఆమె 1938లో కరాచీలో పుట్టి లాహోర్‌లో పెరిగారు. పాకిస్తాన్ నుంచి ఇంగ్లీషులో రాసి పేరు తెచ్చుకున్న తొలి రచయిత్రుల్లో ఒకరు. ఆమె నవల 'ది క్రో ఈటర్స్' 1978లో సొంత ఖర్చుతోనే అచ్చయింది. అందులో ఫరీదూన్ జంగిల్‌వాలా అనే పెద్దమనిషి అత్తగారి పోరు పడలేక, ఇన్సూరెన్సు డబ్బూ వస్తుంది, అత్తగారి బెడదా తీరుతుంది అని దుకాణానికి నిప్పు పెడతాడు. చదివినవాళ్లు పడీపడీ నవ్వారు. పార్శీలలో చాలామందికి మాత్రం చిర్రెత్తింది. గమనించండి, అప్పటికి ఆమె లాహోర్‌లోనే ఉన్నారు. అమెరికా వెళ్లింది ఆ తర్వాత. అంటే తమవాళ్ల కోపం అసలు దూరం మీద కాదన్నమాట. ఇంట్లో అనుకునే మాట బజారులో అన్నందుకు.

ఎవరి పిల్లలు ఎవరివాళ్లు?

ఈ నవలల్లో మళ్లీ మళ్లీ వచ్చే ముడి పెళ్లి. సిధ్వా 1993లో 'యాన్ అమెరికన్ బ్రాట్' రాశారు. లాహోర్‌లో పదహారేళ్ల ఫిరోజా. జియా కాలంలో చుట్టూ పెరుగుతున్న ఛాందసం కూతురికి కూడా అంటుకుంటోందని తల్లి జరీన్‌కు బెంగ. నాలుగు రోజులు లోకం చూసి వస్తుందని అమెరికా పంపిస్తుంది. పిల్ల లోకం చూసింది. చూసి డేవిడ్ అనే యూదు కుర్రాణ్ణి ఇష్టపడింది. ఇక చూడండి, పిల్ల ఛాందసురాలవుతోందని భయపడ్డ తల్లే విమానమెక్కి వెళ్లి, ఆచారాలన్నీ ఏకరువు పెట్టి ఆ అబ్బాయిని బెదరగొడుతుంది. గెలుస్తుంది కూడా. గెలిచే దారిలో ఆమెకే అనుమానం వస్తుంది, ఈ కట్టుబాటు ఆడపిల్ల మెడకే ఎందుకు బిగుస్తుందని. నాకు ఈ నవలలో అన్నిటికంటే నచ్చింది ఆ తల్లే. చెడ్డది కాదు, మంచిదీ కాదు. మన పక్కింటి పిన్నిగారిలా ఉంటుంది.

ఇది కల్పన అని కొట్టిపారేయడానికి లేదు. 1908లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు దగ్గర్నుంచీ, తండ్రి పార్శీ అయితే పిల్లలు పార్శీలు అనే మాట బలపడింది. తల్లి పార్శీ, తండ్రి కాదు అంటే పిల్లలకు ఆ హక్కు లేదన్నది ఆనవాయితీ. 2012లో గుజరాత్ హైకోర్టు మరో అడుగు వేసి, ప్రత్యేక వివాహ చట్టం కింద వేరే మతస్థుణ్ణి చేసుకున్న పార్శీ మహిళ భర్త మతంలోకి వెళ్లినట్టే అంది. ఆ మహిళ అడిగింది ఏమంత పెద్దది కాదు. తల్లిదండ్రులు పోతే అంత్యక్రియల్లో నిలబడనివ్వమంది. చివరికి 2017 డిసెంబరులో వ్యవహారం సుప్రీంకోర్టులో ఉండగా, వల్సాడ్ పార్శీ అంజుమన్ ట్రస్టు అందుకు ఒప్పుకుంది. నవలలో జరీన్ అడిగిన ప్రశ్న, కోర్టులో ఈ కూతురు అడిగిన ప్రశ్న ఒకటే కదూ!

పోనీ మగవాళ్లు సుఖపడ్డారా అంటే అదీ లేదు. రోహింటన్ మిస్త్రీ బొంబాయిలో పుట్టి 1975లో కెనడా వెళ్లిపోయిన రచయిత. ఆయన 'ఫ్యామిలీ మ్యాటర్స్' 2002లో వచ్చింది. అందులో నారిమన్ అనే ప్రొఫెసర్ వయసులో ఉండగా లూసీ అనే గోవా క్రైస్తవ యువతిని ప్రేమిస్తాడు. పెద్దలు పట్టుబట్టి విడదీసి, ఇద్దరు పిల్లలున్న ఒక పార్శీ వితంతువుతో పెళ్లి చేస్తారు. ఆ ఒక్క పనితో మూడు తరాలు ముక్కలవుతాయి. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో ఆయన మంచాన పడితే సవతి కూతురు కూమీ పాత కక్షతో ఆయన్ని తీసుకెళ్లి సొంత కూతురు రోక్సానా ఇంట్లో వదిలేస్తుంది. రెండు గదుల ఇల్లు. చాలీచాలని జీతం. పాలకింత, వెన్నకింత అని కవర్లలో డబ్బు విడివిడిగా పెట్టుకునే ఇల్లాలు. మలమూత్రాలు ఎత్తేది ఎవరు? వేరే చెప్పాలా, రోక్సానాయే. అల్లుడు ముట్టుకోనని భీష్మించుకుంటాడు. ఇది పార్శీల కథ అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మన వీధిలో ప్రతి మూడో ఇంట్లో ఈ రోక్సానా లేదూ?

వేరే గ్లాసు

ఇంటిగుట్టులో అన్నిటికంటే లోపలి అరలో దాచేది పనిమనిషి సంగతి. థ్రిటీ ఉమ్రిగర్ బొంబాయిలో పెరిగి, ఇరవై ఒకటో ఏట అమెరికా వెళ్లారు. 2006లో వచ్చిన ఆమె నవల 'ది స్పేస్ బిట్వీన్ అజ్'లో యజమానురాలు సెరా పార్శీ. పనిచేసే భీమా మురికివాడలో ఉంటుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి కష్టసుఖాలు చెప్పుకుంటారు. కలిసి టీ తాగుతారు. కానీ సెరా కుర్చీలో, భీమా నేల మీద! భీమాకు వేరే గ్లాసు!

ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. సెరా కొత్తకోడలిగా వచ్చినప్పుడు, నెలసరి రోజుల్లో అత్తగారు ఆమెను గదిలో దూరంగా కూర్చోబెట్టి ఏడిపించింది. ఆ అవమానం ఆమె జన్మలో మరచిపోలేదు. అలాంటిదే పనిమనిషికి వేరే గ్లాసు పెడుతుంది. ఒకరు తనను దూరం పెడితే గుండె మండింది. తను ఇంకొకరిని దూరం పెడితే అలవాటయిపోయింది. చివరికి భీమా మనవరాలి కడుపుకి కారణం సెరా అల్లుడే అని బయటపడ్డ రోజున ఆ స్నేహం ఏమవుతుందో ఊహించగలరు. ఇంటిపరువు ముందు అన్నేళ్ల టీ నిలవలేదు. ఈ పుస్తకాన్ని ఉమ్రిగర్ నిజంగా బతికిన భీమాకు అంకితమిచ్చారు. ఆ పేరుగల పనిమనిషి ఆమె బాల్యంలో ఉండేది మరి.

మిస్త్రీ 1995లో రాసిన 'ఎ ఫైన్ బ్యాలెన్స్'లోనూ ఈ గొడవ ఉంది. దీనా అనే పార్శీ వితంతువు అన్నగారి పెత్తనం కింద ఉండలేక, సొంతంగా బతకాలని ఇద్దరు దర్జీలను ఇంట్లో పెట్టుకుని బట్టలు కుట్టిస్తుంది. మొదట్లో వాళ్ల టీ కప్పులు వేరు. ఎమర్జెన్సీ ఆ ముగ్గురినీ చితగ్గొడుతుంది. దీనా మళ్లీ అన్న పంచన చేరుతుంది. దర్జీలు బిచ్చగాళ్లవుతారు. ఆఖర్న ఆమె అన్నావదినలకు తెలియకుండా వాళ్లిద్దరికీ అన్నం పెడుతుంది, ఇంట్లోవాళ్లు తినే పళ్లాల్లోనే! కడిగి మళ్లీ యథాస్థానంలో సర్దేస్తుంది. వేరే కప్పుతో మొదలై ఒకే పళ్లెం దగ్గర ఆగిన కథ ఇది. ఈ ఒక్క పళ్లెం కోసమే ఆరువందల పేజీలూ చదవమంటాను నేను.

ఇవి చదివాక 'తమవాళ్లను అల్లరి పెట్టారు' అనబుద్ధి కాదు. సిధ్వాయే 1988లో రాసిన 'ఐస్ క్యాండీ మ్యాన్' చూడండి. దేశ విభజన నాటి లాహోర్‌లో పోలియో వచ్చిన చిన్న పార్శీ పిల్ల లెన్నీ, తనను పెంచిన హిందూ ఆయాను అల్లరిమూకలు ఎత్తుకుపోవడం కళ్లారా చూస్తుంది. ఎటూ మొగ్గకుండా జాగ్రత్తగా బతికిన సమాజంలో ఆ ఆయాను వెతికించి, బయటకు తెప్పించే గాడ్‌మదర్ కూడా పార్శీయే. దీన్నే దీపా మెహతా 'ఎర్త్' పేరుతో 1998లో సినిమా తీశారు. ఇరుకూ చూపించారు, పెద్దమనసూ చూపించారు. రెండూ ఉంటేనే కదా ఇల్లు!

ఆగిపోయిన గడియారం

మరి నిందలో న్యాయం ఏమిటంటారా? వలస వెళ్లిన మనిషి మనసులో ఊరు తను వదిలిన రోజు దగ్గరే ఆగిపోతుంది. 1975లో వెళ్లిపోయిన మిస్త్రీ తొలి నవల 'సచ్ ఎ లాంగ్ జర్నీ' 1971లో జరుగుతుంది. 'ఎ ఫైన్ బ్యాలెన్స్' ముఖ్యకథ 1975లో. తర్వాత 'ఫ్యామిలీ మ్యాటర్స్'లో 1990ల బొంబాయికి వచ్చారు కానీ అక్కడా పాతకాలం మేడలు, వెనకటి బెంగలు. ఇవే చదివిన విదేశీ పాఠకులు పార్శీలంటే పెచ్చులూడే భవనాల్లోని ముసలివాళ్లే అనుకోరూ? పనిలోకి వెళ్లి, తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లల్ని అగ్ని దేవాలయానికి తీసుకువెళ్లే హక్కు కోసం పోరాడుతున్న ఇవాళ్టి పార్శీ అమ్మాయి ఈ నవలల్లో నాకు అంతగా కనిపించదు. ఆ వెలితి నిజం.

అయితే వెలితిని ఎత్తిచూపడం వేరు, నోరు మూయించడం వేరు. 2010లో ముంబయి విశ్వవిద్యాలయం 'సచ్ ఎ లాంగ్ జర్నీ'ని బి.ఏ. పాఠ్యాంశాల నుంచి తీసేసింది. అభ్యంతరం చెప్పింది పార్శీలు కాదు, ఒక రాజకీయ పార్టీ విద్యార్థి విభాగం! ఇంటివాళ్లు అలిగితే మళ్లీ మాట్లాడుకోవచ్చు. వీధివాళ్లు పుస్తకం లాక్కుంటే ఇంక మాటకు తావేదీ?

ఇంటివాళ్ల అలక ఎలా ఉంటుందో మిస్త్రీ ఎంత ముచ్చటగా రాశారో! 1987 నాటి ఆయన తొలి కథల సంపుటిలో చివరి కథ 'స్విమ్మింగ్ లెసన్స్'. టొరంటోలో ఉన్న కొడుకు కథలు రాసి బొంబాయికి పంపుతాడు. అమ్మానాన్నా చదువుతారు. అమ్మకు దిగులు: అక్కడుండి ఇక్కడి సంగతులే రాస్తున్నాడంటే బిడ్డ సుఖంగా లేడేమో! నాన్నకు అది సహజమే అనిపిస్తుంది. అయినా మనవాళ్లు దేశానికి చేసిన మేళ్లు, గొప్ప గొప్ప కుటుంబాల సంగతులు కూడా నాలుగు రాస్తే బాగుండేదని ఆశ. అలుగుతూనే ఆ కొడుకు ఎదుగుతున్నందుకు గర్వపడతారు.

ఇప్పుడు మన ఇళ్లలోంచీ ఎంతోమంది అమ్మాయిలు అమెరికాలో స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు రేపు మన గురించి నవలలు రాస్తారు. కట్నం బేరాలు, వేరే గ్లాసు, కులం చూసి తలుపు వేసిన సంగతి, అన్నీ వస్తాయి. అప్పుడు మనం "పరువు తీసింది" అనే ముందు, అందులో ఉన్నది అబద్ధమా అని ఒక్కసారి అడుగుదాం. అబద్ధమైతే మనమే కలం పట్టి జవాబు రాద్దాం. నిజమైతే మాత్రం... ముందు ఆ గ్లాసు సంగతి చూద్దాం.