పసుపు, అల్లం కషాయంతో కీళ్ల నొప్పులు తగ్గుతాయా? ఎలా కాచుకోవాలి, ఎవరు జాగ్రత్తపడాలి?

చలికాలం మొదలైతే మోకాళ్లు పట్టేస్తున్నాయనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ వెంటే పొయ్యి మీద పసుపు, అల్లం, మిరియాలు మరుగుతాయి. ఇప్పుడు దీన్ని ‘హెర్బల్ టీ’ అంటున్నారు. తేయాకు లేదు కాబట్టి నిజానికి ఇది టీ కాదు, పాత కషాయమే.

పనిచేస్తుందా అంటే, కొంతవరకు. ఆ ‘కొంత’ ఎంతన్నదే అసలు విషయం.

పసుపులో వాపును తగ్గించే గుణమున్న పదార్థం కర్కుమిన్. పసుపు పొడిలో దాని వాటా సగటున 3 శాతమే. అర టీస్పూను పసుపు ఒకటిన్నర గ్రాములు అనుకుంటే అందులో ఉండేది దాదాపు 45 మిల్లీగ్రాములు. మోకీళ్ల అరుగుదల ఉన్నవారిపై జరిగిన ప్రయోగాల్లో సాధారణంగా రోజుకు 500 నుంచి 1,500 మిల్లీగ్రాముల వరకు కర్కుమిన్ సారం ఇచ్చారు. నొప్పి కొంత తగ్గినట్టు తేలినా, వాటిలో చాలావరకు కొద్దిమందితో, కొన్ని వారాలపాటు జరిగినవే. ఆ ఫలితాలు చూపించి ఒక కప్పు కషాయమూ అంతే పనిచేస్తుందని చెప్పడం సరికాదు.

పైగా కర్కుమిన్ నీటిలో సరిగా కరగదు, ఒంటికీ అంతగా పట్టదు. మిరియాలు ఉపయోగపడేది ఇక్కడే. మిరియాల్లోని పిపెరీన్ తోడైతే రక్తంలోకి చేరే కర్కుమిన్ 20 రెట్లు పెరుగుతుందని బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 1998లో చెప్పారు. ఇప్పటికీ అందరూ చెప్పే లెక్క అదే. అయితే దాదాపు ఏమీ లేనిదానికి అది 20 రెట్లు అన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు.

కాచుకునే పద్ధతి

రెండు కప్పులకు మూడు కప్పుల నీళ్లు పెట్టాలి. అంగుళం అల్లం ముక్క, నాలుగైదు మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేసి, అర టీస్పూను పసుపు కలపాలి. సన్నని సెగ మీద పది నిమిషాలు మరిగితే నీళ్లు రెండు కప్పులకు దిగుతాయి. వడకట్టాక పావు టీస్పూను నెయ్యి వేసుకోవచ్చు. కర్కుమిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఇది రుచి కోసం మాత్రమే కాదు. బెల్లం ఇష్టాన్ని బట్టి. షుగర్ ఉన్నవారు మానేయడం మేలు.

పసుపు కొమ్ములు కొని ఇంట్లో పొడి కొట్టుకుంటే ఇంకా మంచిది. పచ్చగా మెరవడానికి పసుపులో లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో 2019లో బయటపడింది. పట్నా, కరాచీ, కాఠ్మాండూ మార్కెట్ల నమూనాల్లోనూ సీసం అధికంగా ఉన్నట్టు 2024లో వెల్లడైంది. పాలిష్ చేసిన కొమ్ములకూ ఈ రంగు పూస్తారు కాబట్టి, మరీ నిగనిగలాడేవి వదిలేయాలి.

‘సహజం’ కదా అని తిప్పతీగ కూడా వేసి మరిగించేవారున్నారు. కోవిడ్ సమయంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని అంగీకరించలేదు. వివాదం ఉన్నచోట రోజువారీ కప్పులోంచి దాన్ని పక్కన పెట్టడమే సబబు.

అసలు ప్రమాదం ఎక్కడ?

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. వయసుతో వచ్చే అరుగుదలకు వ్యాయామం, బరువు తగ్గడంతోపాటు ఈ కషాయం తాగితే నష్టం లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అలా కాదు. ఇందులో రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కీళ్లూ వాచి, ఉదయం లేవగానే అరగంటకు పైగా బిగుసుకుని ఉంటే దాన్ని అనుమానించాలి. మొదటి నెలల్లోనే మందులు మొదలుపెట్టకపోతే దెబ్బతిన్న కీలు మళ్లీ మామూలుగా మారదు. కషాయం తాగి చూద్దామని ఆరు నెలలు గడిపినా, ‘వేడి చేస్తోంది’ అంటూ మెథోట్రెక్సేట్ ఆపేసినా జరిగే నష్టం ఇదే.

రక్తం పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, గర్భిణులు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు వైద్యుణ్ని అడక్కుండా రోజూ తాగకూడదు. పిపెరీన్ కర్కుమిన్‌ను మాత్రమే కాదు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులనూ రక్తంలోకి ఎక్కువగా చేరుస్తుంది. డాక్టరు ‘ఏమేం వాడుతున్నారు’ అని అడిగినప్పుడు మాత్రల పేర్లతోపాటు కషాయం సంగతీ చెప్పాలి.